ఫెన్సింగ్ ఎత్తుగడలు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి ఫెన్సింగ్ (కత్తి ఆట) పోటీలకు వచ్చే పిల్లలకు ఉరుకుడులో, దమ్ములో కొదవ లేదు. మ్యాచ్‌లు పోయేది ఎక్కువగా లెక్క తప్పడం వల్లనే.

అపోహ: చేయి జోరుగా ఉంటే చాలు.
వాస్తవం: ముందు దూరం, తర్వాతే జోరు. కబడ్డీలో రైడర్‌ను లోపలికి రానిచ్చి పట్టినట్టే ఇక్కడా. రెండు చిన్న అడుగులు వెనక్కి వేస్తే ఎదుటివాడు వెంటపడతాడు. మూడో అడుగు వేయకుండా ఆగితే అతని దాడి సగంలోనే దొరుకుతుంది. అట్లాగని వెనక్కే పోతుంటే నడవదు. 14 మీటర్ల పిస్ట్‌లో (ఆడే బాటలో) మొదలుపెట్టే గీత వెనక ఉండేది 5 మీటర్లే. రెండు పాదాలూ చివరి గీత దాటితే పాయింట్ అవతలివారికి.

అపోహ: ముందు తగిలించినవాడిదే పాయింట్.
వాస్తవం: ఫాయిల్, సేబర్ అనే కత్తి రకాల్లో ఇద్దరూ తగిలించి రెండు లైట్లూ వెలిగితే దాడి హక్కు ఎవరిదో రెఫరీ చూస్తాడు. చేయి ముడుచుకుని ఉరికి చివర్లో చాస్తే ఆ హక్కు పోతుంది. మూడో రకం కత్తి ఎపీలో హక్కు గొడవే లేదు.

అపోహ: స్కోరు ఎంతున్నా ఆట ఒకటే.
వాస్తవం: చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఎపీలో దాదాపు ఒకేసారి తగిలితే ఇద్దరికీ పాయింటే, దీన్నే డబుల్ అంటారు. 13-10తో ముందున్నవారికి రెండు డబుల్స్ పడితే 15-12తో గెలిచేసినట్టే. వారు దూకాల్సిన పనే లేదు, ఎదుటివాడు వచ్చినప్పుడు చేయి చాస్తే చాలు. వెనకబడ్డవారు మాత్రం అవతలి కత్తిని తమ కత్తితో అదిమి పట్టుకునే కొట్టాలి, ఊరికే చేతికి గురిపెడితే డబుల్స్ పడి ఓడతారు. 14-14 వద్ద డబుల్ లెక్కలోకి రాదు.

అపోహ: ఎక్కువ ఎత్తుగడలు వస్తే మొనగాడు.
వాస్తవం: రెండు దాడులు, ఒక పారీ (వచ్చే కత్తిని మన కత్తితో అడ్డుకోవడం) చాలు. మొదట సగం దాడి చూపించి ఎదుటివాడేం చేస్తాడో గమనించాలి. పారీకి కత్తి తెస్తే, మళ్లీ అదే చూపించి, మొనను అతని కత్తి కింద నుంచి తిప్పి అవతలి వైపు పొడవాలి. వెనక్కి పోతే ఇంకో అడుగు కలపాలి. ఎదురు పొడిస్తే ఆ పొడుపును రానిచ్చి పారీ చేసి వెంటనే తిరిగి కొట్టాలి. మరీ దూరం నుంచి చూపిస్తే ఎవరూ నమ్మరు. ముందు మోకాలు పాదాన్ని దాటేంత వంగితే వెనక్కి రావడం కష్టం.

అపోహ: పూల్‌లో (మొదటి దశ గ్రూపు ఆటల్లో) ఎట్లా ఓడినా ఒకటే.
వాస్తవం: 4-5కూ 0-5కూ చాలా తేడా. గెలుపులు సమానమైతే పాయింట్ల తేడాతోనే నాకౌట్ సీడింగ్ (ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే వరుస).

అపోహ: లైట్లు వెలిగించే కరెంటు పెట్టె లేనిదే ఇవన్నీ నేర్వలేం.
వాస్తవం: టోక్యో ఒలింపిక్స్‌లో ఆడిన తొలి భారత ఫెన్సర్ భవానీ దేవి మొదట్లో వెదురు కర్రలతోనే సాధన చేసింది. బడి సిమెంటు నేల మీద చాక్‌పీస్‌తో గీతలు గీసి, మాస్కులు, జాకెట్లు వేసి, 4-4 నుంచి ఒక్క నిమిషం ఆడించండి. ముందే నాణెం ఎగరేసి ప్రయారిటీ తేల్చండి. పాయింట్ రాకుంటే ప్రయారిటీ ఉన్నవారిదే గెలుపు, కాబట్టి లేనివారు దాడికి దిగక తప్పదు. చివరి 15 సెకన్ల దాకా ఆగి దూకేవారిని అక్కడే ఆపి, 40 సెకన్లు మిగిలుండగానే మొదలుపెట్టించండి.