పొదుగుకొచ్చిన పెట్టను ఏం చెయ్యాలి?

మా పెరట్లో గంపలో కూర్చున్న నాటు పెట్ట మూడు రోజులుగా లేవడం లేదు. దగ్గరికి పోతే ఈకలన్నీ నిక్కబొడుచుకుని రెండింతలవుతుంది, గొంతులోనే గుర్రుమంటుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. దాని కింద గుడ్లేమీ లేవు, అన్నీ నేనే తీసేశాను. ఉత్త గడ్డి మీదే కూర్చుంది పాపం. తిరుపతిలో ఎండలు ముదిరే ఈ రోజుల్లో, నాలుగు నాటుకోళ్లు పెంచుకునే ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట చెప్తారు.

"నీళ్లతొట్లో ముంచి తియ్యి నాయనా, లేకుంటే ముక్కులో ఈక దూర్చు, రెండ్రోజుల్లో దిగిపోతుంది" అంది పక్కింటి అవ్వ. అవ్వ మాట తీసెయ్యలేను, ఆమె పెంచినన్ని కోళ్లు నేను పెంచలేదు. కానీ ఆ రెండూ నేను చెయ్యను. ఎందుకో తెలియాలంటే కోడి ఒంట్లో ఏం జరుగుతోందో చూడాలి.

పగటివేళ పెరిగేకొద్దీ, గూట్లో గుడ్లు కంటికి కనబడి కడుపుకు తగిలేకొద్దీ, కోడి మెదడు పీయూష గ్రంథికి కబురు పెడుతుంది, అక్కణ్ణుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కువగా వస్తుంది. ఆవు పొదుగులో పాలు తయారు కావడానికి కావాల్సింది కూడా ఈ ప్రొలాక్టినే. ఆవుకున్నదీ పొదుగే, కోడి చేసేదీ పొదుగే, రెండింటి వెనకా ఒకే హార్మోన్! ఇది తెలిసిన రోజు నాకు భలే ముచ్చటేసింది. ప్రొలాక్టిన్ పెరిగితే అండాశయం కుంచించుకుపోయి గుడ్లు పెట్టడం ఆగిపోతుంది. కడుపు కింద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది, అక్కడ రక్తనాళాలు వెడల్పవుతాయి. ఒకసారి మెల్లగా కడుపు కింద చెయ్యి పెట్టి చూడండి, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు ముట్టుకున్నట్టే ఉంటుంది. పిండం ఎదగడానికి కావాల్సిన 37.5 డిగ్రీల వేడి గుడ్డుకు అందేది ఈ చర్మం నుంచే.

అసలు కిటుకంతా ఆ చర్మం దగ్గరే ఉంది. గూడు వెచ్చగా కడుపుకు తగులుతున్నంతసేపూ ప్రొలాక్టిన్ తగ్గదు, అది తగ్గనంతవరకూ కోడి లేవదు. నీళ్లలో ముంచితే కడుపు చల్లబడుతుంది కాబట్టి ఆ పద్ధతి ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. కానీ తడిసి బెదిరిపోయిన కోడి ఎంత అవస్థ పడుతుందో చూస్తే మళ్లీ ముంచబుద్ధి కాదు. ముక్కులో ఈకంటారా, అది గాయం చెయ్యడమే.

కడుపు చల్లబడాలి, అంతే కదా. అడుగున కూడా జాలీ ఉన్న పంజరాన్ని నాలుగు ఇటుకల మీద ఎత్తి, వేపచెట్టు నీడలో గాలి ఆడేచోట పెట్టండి. లోపల గడ్డి, గోనె ఏదీ వెయ్యొద్దు. మేత, నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి, పస్తు పెట్టకూడదు. కింద నుంచి గాలి తగులుతుంటే మామూలుగా మూడు నాలుగు రోజుల్లో మనసు మార్చుకుంటుంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత తొందరగా దిగుతుంది, వారం పైన కూర్చున్న దాన్ని మరల్చడం కష్టం.

పిల్లలు కావాలనుకుంటే మాత్రం దాన్ని కూర్చోనివ్వండి, దానికంటే మంచి ఇంక్యుబేటర్ లేదు. తెల్ల లెగ్‌హార్న్ కోళ్లలో ఈ గుణాన్ని మనిషే తరతరాలుగా ఏరి తీసేశాడు, గుడ్ల కోసం. నాటుకోడికి అదింకా మిగిలుంది. పుంజుతో తిరిగిన పెట్టల గుడ్లే పది పన్నెండు పెట్టాలి, అంగట్లో కొన్న ఫారం గుడ్లు పిల్లలు కావు. మన ఊరి ఎండకు ఇంకో చిక్కుంది. సుమారు 21 డిగ్రీలు దాటితే గుడ్డులో పిండం కదలడం మొదలెడుతుంది, పొదిగే వేడి మాత్రం అందదు, అలా సగంలో ఆగి చచ్చిపోతుంది. రోహిణి కార్తెలో వంటింటి గూట్లో పది రోజులు దాచిన గుడ్లు మురిగిపోయేది అందుకే. తడి ఇసుకలో కుదిర్చిన మట్టికుండలో దాచండి, నాలుగైదు రోజులకు మించి ఉంచొద్దు.

పెట్ట 21 రోజులు కూర్చుంటుంది. రోజుకు ఒక్కసారి లేచి, తిని, తాగి, ఒకేసారి పెద్దగా రెట్ట వేసి, పావుగంటలో పరిగెత్తి వచ్చేస్తుంది. ఈ రోజుల్లో బాగా చిక్కిపోతుంది కూడా, అందుకే నీళ్లు, గింజలు గంప పక్కనే పెట్టండి. ఏడో రాత్రి చీకట్లో గుడ్డు కింద సెల్‌ఫోన్ టార్చి పెడితే, పిండమున్న గుడ్డులో సాలెగూడులాగా ఎర్రటి నరాలు కనబడతాయి. ఏమీ లేకుండా వెలుగు పారేవాటిని తీసెయ్యండి.

మా పెట్టతో ఈసారి పొదిగించడం లేదు, ఇవాళే పంజరంలోకి మార్చాను. మూడు రోజులయ్యాక తలుపు తీస్తాను. మిగతా కోళ్లతో మేతకు పోతే సరే, నేరుగా గంప దగ్గరికే పరిగెత్తిందంటే ఇంకో రెండ్రోజులు లోపలే.