ఒక బేసు మీద ఒక్కరే

పిట్స్‌బర్గ్,
అక్టోబరు 14.

చిరంజీవులైన నా మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను, మీ అమ్మమ్మ, మీ మామయ్యవాళ్లు అందరం క్షేమం. ఒంగోలులో మీరంతా క్షేమమని తలుస్తాను. పోయిన నెలలో ఈ ఊరి బేస్‌బాల్ మైదానమైన పీఎన్‌సీ పార్కుకు వెళ్లినప్పుడు మీ మామయ్య ఫోనులో మీకు చూపించిన బేస్‌బాల్ ఆట గురించి మీరిద్దరూ నోటుపుస్తకంలో రాసి, ఫొటో తీసి పంపిన పదకొండు ప్రశ్నలూ అందాయి. ఇవి ఫోనులో రెండు మాటలతో తేలే సంగతులు కావు కనుక, కూర్చుని నిదానంగా ఉత్తరమే రాస్తున్నాను.

మీ ప్రశ్నలలో అన్నిటికంటే మంచిది చిన్నది అడిగినది. "ఒకసారి బంతి పట్టుకున్నవాడు బేసు తొక్కగానే ఔట్ ఇచ్చారు. ఇంకోసారి అలాగే బేసు దగ్గర నిలబడినా, పరుగెత్తేవాడిని బంతితో తాకేదాకా ఔట్ ఇవ్వలేదు. ఎందుకు తాతయ్యా?" అని రాసింది. క్రికెట్ చూసి పెరిగిన మన కన్ను బ్యాటు మీద, బంతి మీద నిలుస్తుంది. బేస్‌బాల్‌లో వాటితో పాటు బేసుల మీద ఎవరున్నారో, వారికి కదలక తప్పదో తప్పుతుందో కూడా ప్రతి బంతికీ చూసుకోవాలి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా వాటిలో సగానికి పైగా వాటంతట అవే విడిపోతాయి.

ముందుగా మైదానాన్ని కళ్లకు కట్టుకోండి. 90 అడుగుల భుజం గల ఒక చతురస్రం గీసి, దాని ఒక మూల మీ వైపుకు ఉండేలా తిప్పి పెట్టండి. మీకు దగ్గరగా ఉన్న మూల హోమ్ ప్లేట్. బ్యాటర్ నిలబడేది అక్కడే. అతని కుడివైపు మూల ఫస్ట్ బేస్, ఎదుటి మూల సెకండ్ బేస్, ఎడమ మూల థర్డ్ బేస్. బంతిని కొట్టినవాడు ఈ మూడింటినీ వరుసగా తాకి మళ్లీ హోమ్ ప్లేట్‌కు చేరితే జట్టుకు ఒక పరుగు. ఒక్క దెబ్బకే చుట్టిరానక్కరలేదు. ఫస్ట్ బేస్ మీద ఆగి, తన తరువాత వచ్చే బ్యాటర్లు కొట్టే బంతుల మీద కొంచెం కొంచెంగా ముందుకు జరగవచ్చు. ముగ్గురు ఔటయితే జట్టు వంతు అయిపోతుంది. అప్పటికి బేసుల మీద ఎందరు మిగిలి ఉన్నా వారి శ్రమకు లెక్క లేదు.

ఇప్పుడు అసలు సూత్రం. ఒక బేసు మీద ఒక్కరే నిలబడాలి. కుర్చీలాటలో ఒక కుర్చీలో ఇద్దరు కూర్చోకూడదు కదా, అలాగన్నమాట. బ్యాటర్ బంతిని నేలమీదుగా మైదానంలోకి కొట్టాడంటే పరుగెత్తి తీరాలి. క్రికెట్‌లో కొట్టి నిలబడిపోయే హక్కు ఉన్నది, ఇక్కడ లేదు. అతను ఫస్ట్ బేస్‌కు వస్తున్నాడు కనుక, అప్పటికే అక్కడ ఉన్నవాడు ఖాళీ చేయక తప్పదు. సెకండ్ బేస్‌లో కూడా ఒకడుంటే అతనూ కదలక తప్పదు. వెనుకనుంచి వచ్చేవాడు ఇలా తరమడం వల్ల పరుగెత్తేవాడికి వెనక్కు పోయే దారి ఉండదు, చేరవలసిన చోటు ఒక్కటే. అందువల్ల ఫీల్డర్ బంతితో అతనికంటే ముందుగా ఆ బేసును తొక్కితే చాలును, మనిషిని తాకనక్కరలేదు. దీనినే ఫోర్స్ ఔట్ అంటారు. అదే ఫస్ట్ బేస్ ఖాళీగా ఉండి, సెకండ్ బేస్‌లో ఒకడే ఉన్నాడనుకోండి. అతన్ని తరిమేవారు లేరు. ముందుకు పోవచ్చు, ఉన్నచోటే ఉండవచ్చు, సగం దూరం పోయి వెనక్కు రావచ్చు. రెండు దారులున్న మనిషిని ఒక దారి మూసి ఔట్ చేయలేము కనుక, బంతి ఉన్న చేతితోగాని గ్లవ్‌తోగాని అతన్ని తాకి తీరాలి. ఇది ట్యాగ్. మీరు చూసిన రెండు ఔట్లకు తేడా ఇదే, చిన్నమ్మా.

క్యాచ్ పట్టినప్పుడు పరుగెత్తేవాళ్లు వెనక్కు ఎందుకు ఉరికారని పెద్దవాడు అడిగాడు. క్యాచ్ పట్టగానే బ్యాటర్ ఔటయ్యాడు; ఇక ఫస్ట్ బేస్‌కు వచ్చేవాడు లేడు, కనుక ఎవరినీ తరిమేవారు లేరు. బంతి గాలిలో ఉండగా బేసు వదిలినవాడు తిరిగి వచ్చి తన బేసును తాకాలి. అతనికంటే ముందు బంతి అక్కడికి చేరితే అతనూ ఔటే. క్యాచ్ పట్టిన తరువాత బేసును తాకి, ధైర్యముంటే అప్పుడు ముందుకు పరుగెత్తవచ్చు. దూరంగా పడిన క్యాచ్ మీద థర్డ్ బేస్‌లోనివాడు ఇలా పరుగు తీసి జట్టుకు లాభం చేయడం మీరు తరచుగా చూస్తారు.

ఫీల్డర్ క్యాచ్ పట్టకముందే అంపైర్ చెయ్యెత్తి ఔట్ ప్రకటించాడే, అది అన్యాయం కాదా అన్నది మరొక ప్రశ్న. నిజానికి అది అన్యాయాన్ని ఆపడానికి వచ్చిన నియమం. ఫస్ట్, సెకండ్ బేసుల మీద మనుషులుండగా బంతి నిటారుగా పైకి లేచి, తేలికపాటి క్యాచ్‌గా దిగుతోందనుకోండి. పరుగెత్తేవాళ్లు క్యాచ్ పడతాడని తమ బేసులకు అంటుకుని ఉంటారు. ఫీల్డర్ కావాలని బంతిని వదిలేస్తే క్షణంలో అందరూ కదలక తప్పని స్థితి వస్తుంది, అతను తీరికగా ఇద్దరిని ఔట్ చేస్తాడు. ఆ మోసం జరగకుండా, ఇద్దరికంటే తక్కువమంది ఔటయి ఉన్నప్పుడు ఇటువంటి బంతికి బ్యాటర్‌ను ముందే ఔట్ చేసేస్తారు. బ్యాటరే లేకపోతే తరిమేవారూ లేరు. నియమాల పుస్తకంలో నాకు బాగా నచ్చిన నియమం ఇది. ఆటగాడి తెలివి ఎంతదాకా పోగలదో ఊహించి, పోకూడని చోట గీత గీశారు.

మిగతా ప్రశ్నలకు క్లుప్తంగా చెబుతాను. పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, నిలబడే చోటికీ హోమ్ ప్లేట్‌కూ దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 150 కిలోమీటర్లు దాటిన బంతి ఈ దూరాన్ని దాదాపు 0.4 సెకన్లలో దాటుతుంది. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. దాని మీదుగా, బ్యాటర్ మోకాళ్లకూ ఛాతీకీ నడుమ పోయే బంతిని కొట్టకుండా వదిలితే స్ట్రైక్, ఊపినా తగలకపోతే అదీ స్ట్రైక్. ఆ హద్దుకు బయట పోయినదానిని వదిలితే, దానికి పేరే 'బాల్'. మూడు స్ట్రైకులకు ఔట్, నాలుగు బాల్స్‌కు ఫస్ట్ బేస్ ఉచితం. అన్ని బేసులూ నిండి ఉండగా అలా ఉచితంగా ఒకడు వస్తే ఏమవుతుంది? మన సూత్రమే: ఒకరినొకరు తరిమి, థర్డ్ బేస్‌లోనివాడు ఇంటికి, అంటే హోమ్ ప్లేట్‌కు, చేరి పరుగు వస్తుంది. ఫస్ట్, థర్డ్ బేసుల గుండా పోయే రెండు గీతలకు వెలుపల పడిన బంతి ఫౌల్. రెండు స్ట్రైకులు అయ్యేదాకా ఫౌల్ కూడా స్ట్రైకుగా లెక్కకు వస్తుంది, ఆ తరువాత ఎన్ని కొట్టినా సాధారణంగా మూడో స్ట్రైక్ కాదు. అందుకే ఆ రోజు ఒక బ్యాటర్ ఏడెనిమిది ఫౌళ్లు కొడుతూ నిలబడ్డాడు. బ్యాటు గుండ్రంగా, లావైన చోట కూడా 2.61 అంగుళాలకు మించకుండా ఉంటుంది. గుండ్రని కర్రతో గుండ్రని బంతిని కొట్టడం కనుకనే పదిసార్లలో మూడుసార్లు సఫలమైనవాడిని గొప్ప బ్యాటర్ అంటారు. రెండు జట్లూ చెరొక వంతు ఆడితే ఒక ఇన్నింగ్స్; తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక సమానంగా ఉంటే, తేలేదాకా అదనపు ఇన్నింగ్స్ ఆడతారు.

ఇది క్రికెట్ నుంచి పుట్టిందా అని అడిగారు. రెండూ ఇంగ్లండులోని పాత బంతి-కర్ర ఆటల వంశానికి చెందినవని చెప్పడం న్యాయం. అయితే ఒక బంధుత్వం మాత్రం స్పష్టంగా ఉన్నది. బేస్‌బాల్ స్కోరు రాసే పద్ధతిని తీర్చిదిద్దిన హెన్రీ ఛాడ్విక్ ఇంగ్లండులో పుట్టి, చిన్నతనంలో అమెరికా వచ్చి, పత్రికలకు క్రికెట్ వార్తలు రాసినవాడు. స్కోరుపుస్తకంలో స్ట్రైకులతో ఔటయినవాడికి 'కె' అని రాసే అలవాటు ఆయనదే.

మన దేశం వాళ్లెవరైనా ఆడారా అన్నదానికి మా ఊరిలోనే జవాబున్నది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు బల్లెం విసిరే కుర్రవాళ్లు, అంతకుముందు బేస్‌బాల్ ఎరుగనివాళ్లు, భారతదేశంలో జరిగిన ఒక విసురు పోటీలో ఎంపికై, 2008లో మా ఊరి జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. పెద్ద జట్టుదాకా రాలేకపోయినా దిగువ శ్రేణి జట్లలో ఆడారు. క్రికెట్ బౌలర్ల కంటే బల్లెం విసిరేవాళ్లకు ఇది దగ్గర కావడంలో వింత లేదు. పిచ్చర్ మోచేతిని వంచి, చాచి విసరుతాడు.

ఇక నిన్నటి సంగతి చెప్పాలి, ఎందుకంటే చిన్నదాని ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఈ ఊరి ఓక్లాండ్ పేటలో, విశ్వవిద్యాలయం పక్కన, ఒకప్పటి ఫోర్బ్స్ ఫీల్డ్ మైదానపు ఇటుక గోడ కొంత ఇంకా నిలిచి ఉన్నది. ప్రతి ఏడూ అక్టోబరు 13న అభిమానులు ఆ గోడ దగ్గర చేరి, 1960లో అదే రోజున జరిగిన ఆట రేడియో వ్యాఖ్యానాన్ని మొదటినుంచి చివరిదాకా వింటారు. నిన్న మీ మామయ్య నన్నూ తీసుకువెళ్లాడు. ఏటా విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో చెరి మూడు ఆటలు గెలిచిన పైరేట్స్‌కూ న్యూయార్క్ యాంకీస్‌కూ ఏడో ఆట అది.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ 7-4తో ముందున్నారు. ఫస్ట్ బేస్‌లో ఒకడుండగా బిల్ వర్డన్ నేలబారుగా కొట్టాడు. షార్ట్‌స్టాప్, అంటే సెకండ్, థర్డ్ బేసుల నడుమ నిలబడే ఫీల్డర్, అందుకుని సెకండ్ బేస్‌కు విసిరితే ఒక ఔట్, అక్కడినుంచి ఫస్ట్ బేస్‌కు విసిరితే రెండో ఔట్. డబుల్ ప్లే అంటే ఇదే. కాని బంతి నేలమీద ఎగుడుదిగుడుకు ఎగిరి షార్ట్‌స్టాప్ టోనీ క్యూబెక్ గొంతుకు తగిలింది. ఇద్దరు ఔట్ కావలసిన చోట ఒక్కరూ కాలేదు. తరువాత ఒక పరుగు వచ్చి, ఇద్దరు ఔటయ్యాక రాబర్టో క్లెమెంటే మెల్లగా దొర్లే బంతి కొట్టి ప్రాణం పెట్టి పరుగెత్తాడు. పిచ్చర్ ఫస్ట్ బేస్‌ను చేరడం ఆలస్యమైంది, క్లెమెంటే నిలిచాడు, ఇంకొక పరుగు వచ్చింది. వెంటనే హాల్ స్మిత్ బంతిని గోడ దాటించి కొట్టిన హోమ్ రన్‌తో ముగ్గురు ఇంటికి చేరి పిట్స్‌బర్గ్ 9-7తో ముందుకు పోయింది.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ దానిని 9-8కి తెచ్చారు. ఒకడు ఔట్. ఫస్ట్ బేస్‌లో మికీ మాంటిల్, థర్డ్ బేస్‌లో గిల్ మెక్‌డూగల్డ్. యోగీ బెర్రా నేలబారుగా ఫస్ట్ బేస్ దగ్గరికే కొట్టాడు. అక్కడున్న రాకీ నెల్సన్ బంతి అందుకుని దగ్గరున్న తన బేసును తొక్కాడు, బెర్రా ఔట్. ఇప్పుడు ఆలోచించండి: బ్యాటర్ ఔటయ్యాడు కనుక మాంటిల్‌ను తరిమేవారు లేరు, అతనికి ముందుకు పోవలసిన నిర్బంధం తొలగింది! మాంటిల్ ఆ క్షణంలోనే అది గ్రహించి, సెకండ్ బేస్ వైపు పోకుండా వెనక్కు తిరిగి నెల్సన్ చేతికి దొరకకుండా ఫస్ట్ బేస్ మీదికి దూకాడు. ఈలోగా మెక్‌డూగల్డ్ హోమ్ ప్లేట్ చేరాడు, ఆట 9-9. నెల్సన్ ముందు సెకండ్ బేస్‌కు విసిరి, అక్కడినుంచి బంతి ఫస్ట్ బేస్‌కు వేళకు తిరిగి వచ్చి ఉంటే, డబుల్ ప్లేతో పిట్స్‌బర్గ్ అప్పుడే గెలిచేది. పదిసార్లు విన్న పెద్దవాళ్లు కూడా రేడియోలో ఆ ఘట్టం రాగానే నిన్న మాటలు ఆపేశారు.

తరువాత పిట్స్‌బర్గ్ వంతులో మొదటగా వచ్చిన బిల్ మాజెరోస్కీ బంతిని ఎడమవైపు గోడ మీదుగా కొట్టి 10-9తో ఆట ముగించాడు. అందరూ ఆయన్ను ఆ దెబ్బకే గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం ఆయన సెకండ్ బేస్ దగ్గర నిలబడి తన ఆటజీవితంలో పాలుపంచుకున్న 1,706 డబుల్ ప్లేలు అంతకంటే గొప్పగా తోస్తాయి. క్లెమెంటే గురించి విడిగా ఒక ఉత్తరం రాయాలి. సరిగ్గా 3,000 హిట్లు, అంటే కొట్టి బేసు చేరిన దెబ్బలు, పూర్తిచేసిన ఏడాదే, 1972 డిసెంబరు 31న, నికరాగువా భూకంప బాధితులకు సామగ్రి తీసుకుపోతూ విమానం కూలి ఆయన మరణించాడు. ఆయన నెంబరు 21 కనుక పీఎన్‌సీ పార్కులో కుడివైపు గోడను 21 అడుగుల ఎత్తు కట్టారు.

వచ్చే వేసవి సెలవుల్లో మీరు వచ్చినప్పుడు ఆ గోడలు రెండూ చూపిస్తాను. ఫోర్బ్స్ ఫీల్డ్ హోమ్ ప్లేట్‌ను విశ్వవిద్యాలయ భవనంలో నేలమీద అద్దం కింద భద్రపరిచారు, అదీ చూద్దాం. ఈలోగా మీ ఇంటి మేడమీద సుద్దముక్కతో చతురస్రం గీసి, నాలుగు మూలలకు నాలుగు ఇటుకలు పెట్టి, మీ పక్కింటి పిల్లలతో తరమడం, తరమకపోవడం ఆడి చూడండి. మెత్తటి బంతి వాడండి. అమ్మకు, నాన్నకు మా ఆశీస్సులు చెప్పండి. ఇంకా అర్థం కానివి రాసి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య.