ఎడమకే ఎందుకు లాగుతుంది?

హైదరాబాద్,
మే నెల, మిట్టమధ్యాహ్నం

చిన్నూ, బుజ్జీ,

మీ ప్రశ్న చదివాను. "తాతా, కంప్యూటర్లో విమానం నడిపే సిమ్యులేటర్లో కొత్త ప్రొపెల్లర్ విమానం వేసుకున్నాం. బేగంపేట రన్‌వే మీద నిలబెట్టి థ్రాటిల్ తోస్తే చాలు, ఎడమకి తిరిగి గడ్డిలోకి పోతోంది. పాడైందా?" అని కదా.

పాడవలేదు. ఫైళ్లు తప్పు చోట పడి ఉంటే అసలు మెనూలోనే కనబడదు. జిప్ విప్పినప్పుడు ఫోల్డర్‌లో మళ్లీ అదే పేరుతో ఇంకో ఫోల్డర్ దాక్కుంటుంది. ఆ లోపలిదాన్ని తీసి, బయటి నుంచి తెచ్చుకున్న విమానాలుండే కమ్యూనిటీ ఫోల్డర్‌లో పెట్టాలి. మీది రన్‌వే దాకా వచ్చిందంటే ఆ పని బాగానే చేశారు.

ఇక ఎడమ సంగతి. వంటింట్లో మిక్సీని తలచుకోండి. కొబ్బరి పచ్చడికి జార్ బిగించి స్విచ్ తిప్పగానే, మిక్సీ గట్టు మీద ఒక్క కుదుపు కుదుపుతుంది. లోపల బ్లేడు ఒకవైపు తిరుగుతుంటే మోటారు పెట్టె రెండోవైపు తిరగాలని చూస్తుంది. రబ్బరు కాళ్లు గట్టును పట్టుకుని ఉండబట్టి ఆగుతుంది. మీ విమానానికి 300 హార్స్‌పవర్ల ఇంజిను. సీట్లోంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లులా కుడివైపు తిరుగుతుంది. పెట్టె, అంటే మీరు కూర్చున్న విమానం, ఎడమకి ఒరగబోతుంది. ఎడమ చక్రం మీద బరువు పడుతుంది, అది నేలను ఎక్కువగా రాసుకుంటుంది, బండి అటే పోతుంది.

మిక్సీని ఇంకా ఆపకండి. జార్‌లో పచ్చడి సుడి తిరుగుతుంది చూశారా? ప్రొపెల్లర్ వెనక గాలి కూడా అలాగే సుళ్లు తిరుగుతూ విమానం ఒంటిని చుట్టుకుని పోయి, తోక మీది నిలువు రెక్కను ఎడమ పక్కన కొడుతుంది. తోక కుడికి జరిగితే ముక్కు ఎడమకి. ఇది రెండోది. మూడోది: మీది తోక కింద చిన్న చక్రం ఉన్న విమానం. ఆ తోకచక్రం నేల మీద ఉన్నంతసేపు ప్రొపెల్లర్ వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి, కుడివైపు కిందికి దిగే బ్లేడు ఎక్కువ గాలిని కొరుకుతుంది. ముక్కు మళ్లీ ఎడమకే. ఇక్కడ మిక్సీ పనికిరాదని ఒప్పుకుంటున్నాను.

నాలుగోదానికి బొంగరం కావాలి. మా చిన్నప్పుడు గిర్రున తిరిగే బొంగరాన్ని పుల్లతో పక్కనుంచి పొడిచేవాళ్లం. పొడిచిన వైపు పోదు, దానికి అడ్డంగా ఇంకోవైపు ఒరుగుతుంది! ఎన్ని మధ్యాహ్నాలు పోయాయో దాని వెనక. ఎందుకో అప్పుడు ఎవరూ చెప్పలేదు. లెక్క లేకుండా చెప్పడం నావల్ల కాదు కాబట్టి ఇప్పుడు నేనూ చెప్పను. మీ ప్రొపెల్లర్ ఒక పెద్ద బొంగరం, తోక లేపడం ఆ పొడవడం. ఆ క్షణంలో ముక్కు ఇంకాస్త ఎడమకి దూకుతుంది.

కాబట్టి పని మీ కుడికాలిది. పెడళ్లు లేకపోతే జాయ్‌స్టిక్‌ని కుడికి మెలితిప్పాలి. రడ్డర్ అంటే తోక మీది నిలువు రెక్క వెనక అటూ ఇటూ తిరిగే పలక. ముందు సెట్టింగుల్లో దాన్ని కంప్యూటరే తిప్పే ఆటో రడ్డర్ తీసేయండి. అది ఉంటే మీ కాలూ కంప్యూటరూ కొట్టుకుంటాయి. బయటి వ్యూలో నిలబడి కుడి పెడల్ తొక్కి, తోక మీది రడ్డర్ కుడికే తిరుగుతోందా చూడండి. సెట్టింగుల్లో పెడల్ దిక్కు (యాక్సిస్) తిరగబడి ఉంటే ఎంత తొక్కినా గడ్డే గతి. అన్ని విమానాలూ ఎడమకే లాగవు కూడా. పాత టైగర్ మాత్ ప్రొపెల్లర్ ఎదురు దిక్కున తిరుగుతుంది, అది కుడికి లాగుతుంది. బట్టీ పట్టకుండా ప్రొపెల్లర్ ఎటు తిరుగుతోందో చూసుకోవాలి.

మూడు లివర్లున్నాయి కదా: నల్లది థ్రాటిల్, ఇంజిను జోరుకి; నీలిది ప్రొపెల్లర్, బ్లేడు వాలుకి; ఎర్రది మిక్స్చర్, గాలిలో కలిసే పెట్రోలు పాలుకి. నీలిదానికి మళ్లీ మిక్సీయే. పల్చటి పిండికి మోటారు జోరుగా తిరుగుతుంది, గట్టి పిండికి మూలుగుతుంది. నీలి లివర్ ముందుకి తోస్తే బ్లేడు గాలిని పల్చగా కోస్తుంది, ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, పెరుగుతుంది. టేకాఫ్‌కి అదే కావాలి. వెనక్కి లాగితే గట్టి పిండి. నీలిది వెనక ఉంచి నల్లది పూర్తిగా తోస్తే, మిక్సీ అయితే కింద ఉన్న ఎర్ర బటన్ టప్పున పడి ఆగిపోతుంది. విమానానికి ఆ బటన్ లేదు. అందుకే పవర్ పెంచేటప్పుడు ఎర్రది, నీలిది, నల్లది ఈ వరసలో ముందుకి. తగ్గించేటప్పుడు నల్లది ముందు, నీలిది తర్వాత.

ఇప్పుడు మన ఊరి ఎండ. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తు. ఆ ఎత్తులో లెక్క ప్రకారం ఉండాల్సిన వేడి 11.5 డిగ్రీలు. మీరు బయటి అసలు వాతావరణాన్నే తెచ్చే లైవ్ వెదర్ పెట్టారు, బయట 40. ఒక్కో డిగ్రీ ఎక్కువైతే గాలి సుమారు 120 అడుగులు పైకి వెళ్లినంత పల్చబడుతుంది. అంటే మీ ఇంజిను నేల మీదే 5,000 అడుగుల గాలి పీలుస్తోంది. సుమారు 15 శాతం బలం అప్పుడే పోయింది. ఇంజిను ఆపి ఉన్నప్పుడు మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజినులోకి పోయే గాలి ఒత్తిడి) ముల్లు 30 అంగుళాల దగ్గర కాక 28 దగ్గర నిలిస్తే గేజీని తిట్టకండి, బయట గాలి ఒత్తిడే అంత. ఎర్ర లివర్‌ని పూర్తిగా ముందుకి తోసి ఉంచితే పెట్రోలు ఎక్కువై ఇంజిను దగ్గుతుంది, ప్లగ్గులకి మసి పడుతుంది.

రనప్‌లో, అంటే టేకాఫ్‌కి ముందు నిలబడి ఇంజిను పరీక్షించేటప్పుడు, 1,700 ఆర్‌పీఎం దగ్గర పెట్టి ఎర్రదాన్ని నెమ్మదిగా వెనక్కి లాగండి. ఆర్‌పీఎం కొంచెం పెరిగి, తర్వాత పడిపోవడం మొదలవుతుంది. పడగానే కాస్త ముందుకి తోసి వదిలేయండి. గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో ఉన్న ఇంజినుకి ఇలా చేయకూడదు, దానికి పూర్తి ముందుకే. ప్లగ్గులకి నిప్పురవ్వనిచ్చే మాగ్నెటోలు రెండుంటాయి. ఒక్కొక్కటీ ఆపి చూస్తే ఆర్‌పీఎం మామూలుగా 150 లోపు పడాలి, రెంటికీ తేడా 50 మించకూడదు. అసలేమీ పడకపోతే సంతోషించకండి, ఆ మాగ్నెటో ఆగడం లేదన్నమాట. నీలిదాన్ని రెండుసార్లు వెనక్కి లాగి తోస్తే ప్రొపెల్లర్ నడిమి హబ్‌లోకి వేడి ఆయిల్ చేరుతుంది.

గాలి పడమటి నుంచి వస్తుంటే రన్‌వే 27, అంటే పడమటికి ముఖం పెట్టినది, ఎంచుకోండి. పొడవైన రన్‌వే. ప్రయాణికుల విమానాలు 2008లోనే శంషాబాద్ వెళ్లిపోయాయి. నిజాం రోజుల్లో దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు ఎగిరింది ఈ బేగంపేట నుంచే. అవీ తోకచక్రం విమానాలే. కొద్ది గజాలు ముందుకి పోనిచ్చి తోకచక్రాన్ని తిన్నగా చేసుకోండి. స్టిక్ వెనక్కి పట్టుకుని, థ్రాటిల్‌ని నాలుగైదు సెకన్లు పట్టేలా తోయండి. ముక్కు జరిగాక కాదు, జరగబోతుండగానే కుడికాలు. తొక్కి పట్టుకోకుండా తొక్కి వదలండి, మళ్లీ తొక్కండి. వేగం అందుకున్నాక స్టిక్ సడలించి తోక లేపుతారు చూడండి, బొంగరం గుర్తొచ్చేది అక్కడే.

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. ప్రొపెల్లర్ ఈ కొస నుంచి ఆ కొసకి 2 మీటర్లుండి నిమిషానికి 2,700 చుట్లు తిరిగితే, బ్లేడు కొన సెకనుకి 280 మీటర్ల పైనే పోతుంది. మీరింకా కదలకుండా నిలబడి ఉన్నా సరే, దాని కొన శబ్దంతో పందెం వేస్తుంటుంది. మొదలు దగ్గర మాత్రం నింపాదిగా తిరుగుతుంది. ఒకే బ్లేడుకి రెండు వేగాలు. మరి దాన్ని ఎలా చెక్కి ఉంటారు?

ఇంట్లో టేబుల్ ఫ్యాను ప్లగ్గు పీకి, జాలీ తీయించి, ఒక బ్లేడుని అంచు వైపు నుంచి చూడండి. మొదలు దగ్గర ఎంత వాలుగా ఉందో, కొన దగ్గర ఎంత వాలుగా ఉందో కాగితం మీద గీసి పంపండి. జాలీ నాన్న చేత తీయించండి, మీరు తీయొద్దు.

మీ తాత