ఎదుర్లంక వంతెనకు అటూ ఇటూ

చిరంజీవి బుజ్జికి, తాతయ్య ఆశీస్సులు.

మొన్న యానాం నుంచి బస్సులో వస్తూ అడిగావు. "తాతయ్యా, ఇక్కడ మందు కొనాలంటే 18 ఏళ్ళు నిండితే చాలట, వంతెన దాటి ఆంధ్రాలోని ఎదుర్లంకకి వస్తే 21 కావాలట. మధ్యలో ఉన్నది గోదావరే కదా, దాటగానే మనిషి మారిపోతాడా?" అని. బస్సులో నలుగురూ మనవైపు తిరిగారు గనక అప్పుడు మాట దాటేశాను.

మన పెరట్లో జామమొక్క చుట్టూ ముళ్ళకంప కట్టాను, చూశావుగా. దాన్ని ఎప్పుడు తీసెయ్యాలి? మొక్కని అడిగితే చెప్పదు. నడుందాకా ఎదిగితే చాలని నేనంటాను. భుజందాకా రానివ్వమంటుంది మీ నాయనమ్మ. ఎదురింటివాళ్ళకి మేకలున్నాయి, వాళ్ళు తలదాటేదాకా కంప ముట్టుకోరు. అందరివీ జామమొక్కలే, ఎవరి భయం వాళ్ళది.

మద్యం సంగతి మన రాజ్యాంగం రాష్ట్రాలకి వదిలిపెట్టింది. కాబట్టి ఎవరి కంప వాళ్ళు కట్టుకున్నారు. ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 21, కేరళలో 23. మహారాష్ట్రవాళ్ళయితే బీరుకి 21, విస్కీలాంటివాటికి 25 అని ఒకే మొక్కకి రెండు కంపలు కట్టారు. గుజరాత్, బీహార్ మద్యాన్నే నిషేధించి, కంప అసలు తీసే ప్రసక్తే లేదన్నాయి. యానాం మన జిల్లాల మధ్యనే ఉన్నా 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగమైంది. అందుకే అక్కడ పుదుచ్చేరి కొలత. కేరళ మధ్యలో ఉన్న మాహేదీ ఇదే కథ.

మొక్క వంతెన దాటి పోదు కదా తాతయ్యా అంటావు. నిజమే, కుర్రాళ్ళు పోతారు. అయినా నా జామమొక్కని ఇంకాసేపు వదలను.

సిగరెట్టు, బీడీ, చుట్టలకి మాత్రం 2003లో దేశమంతటికీ ఒకే చట్టం చేశారు. 18 నిండనివాళ్ళకి అమ్మకూడదు. ఈమధ్య కర్ణాటక దాన్ని 21కి పెంచుకుంది. అమెరికా కూడా 2019 చివర్లో 21 చేసింది. ఒకటి గమనించు, ఈ వయసు నిబంధన పట్టుకునేది అమ్మేవాణ్ణి. కంప మేకకి అడ్డం గానీ మొక్కకి శిక్ష కాదు కదా.

మా చిన్నప్పుడు ఏ కంపా లేదు. మా తాతకి లంక పొగాకు చుట్ట లేనిదే తెల్లారేది కాదు. ఏడేళ్ళవాణ్ణి నేనే కొట్టుకి వెళ్ళి తెచ్చేవాణ్ణి. కొట్టాయన కొసరుగా బెల్లంముక్క చేతిలో పెట్టేవాడు. ఇవాళైతే ఆయన మీద కేసే! ఆ చుట్టని పొయ్యిలో అంటించి, ఆరిపోకుండా ఓ దమ్ము లాగి మరీ తాతకి అందించాలి. ఒకసారి గట్టిగా లాగేసి గడపమీదే కక్కుకున్నాను. తాత పొట్ట పట్టుకు నవ్వాడు. చెడ్డవాడు కాదురా, ఆ రోజుల్లో అలా అనిపించేది కాదు ఎవరికీ. ఆఖరి రెండేళ్ళూ మాత్రం రాత్రంతా ఆయన దగ్గు వింటూ పడుకున్నాం.

18 నిండిన రోజు పొద్దున్న లేచేసరికి ఊపిరితిత్తులు ఉక్కువైపోవు బుజ్జీ. ఆ మాట మీ అన్నయ్యకి కూడా చెప్పు.

అన్నట్టు, బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. గజమంటే మూడడుగులు. ముందు నీ అంగ ఎంతో స్కేలుతో కొలుచుకో. రేపు మీ బడి గేటు దగ్గర నుంచి ఎదుటి బడ్డీకొట్టుదాకా నడిచి, ఎన్ని అంగలొచ్చాయో నాకు రాయి.

మీ తాతయ్య