పోస్టర్ నుంచి వెబ్ పేజీకి

చిరంజీవులకు,

మీరిద్దరూ పోస్టర్లతో పాటు వెబ్‌సైట్ పనులూ ఒప్పుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషం.

అచ్చయిన పోస్టర్ ఎవరు చూసినా ఒకటే. వెబ్ పేజీ అలా కుదురుగా ఉండదు. ఒకరు చిన్న ఫోన్‌లో చూస్తారు, ఇంకొకరు అక్షరాలు రెండింతలు చేసుకుంటారు, చూపు లేనివాళ్లు ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని వింటారు. అందుకే విషయం హెచ్‌టీఎంఎల్‌లో, అలంకారం సీఎస్ఎస్‌లో ఉండాలి. 1994లో హోకన్ వియుమ్ లీ సీఎస్ఎస్‌ను ప్రతిపాదించినప్పుడే, పేజీ రూపంలో చదివేవాడి ఇష్టానికీ చోటిచ్చాడు.

ఇలా విడదీస్తే అందం పోతుందనుకోకండి. 2003లో డేవ్ షియా మొదలుపెట్టిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్ చూడండి. హెచ్‌టీఎంఎల్ ఫైలు ఒక్కటే. దాన్ని ముట్టుకోకుండా స్టైల్‌షీట్ (అంటే సీఎస్ఎస్ ఫైలు), బొమ్మలు మార్చి డిజైనర్లు పంపిన పేజీలకు ఒకదానితో ఒకటి పోలికే ఉండదు. (కొన్నిటిలో అక్షరాలు మరీ చిన్నవి, అది వేరే సంగతి.)

మన తెలుగు డిజైనర్ల అలవాటు ఒకటుంది: అను ఫాంట్లలో హెడ్డింగ్ కొట్టి, జేపెగ్ చేసి పేజీలో పెట్టేయడం. స్క్రీన్ రీడర్‌కు అది వట్టి బొమ్మ. ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) కూడా ఇవ్వకపోతే వినేవాళ్లకు ఏమీ అందదు. జూమ్ చేస్తే మసక, వెతికితే దొరకదు. హాయిగా యూనికోడ్‌లో టైప్ చేయండి. రామభద్ర, సూరన్న, తిమ్మన లాంటి వెబ్ ఫాంట్లు గూగుల్‌లో ఉచితమే. డబ్బాకు పిక్సెళ్లలో ఎత్తు బిగించి, మిగిలింది కనబడకుండా దాచారంటే 'రాష్ట్రం' కింద ఒత్తులు తెగిపోతాయి. ఎత్తు వదిలేసి, లైన్-హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) అక్షరాల సైజుకు 1.6 రెట్ల దాకా ఇచ్చి చూడండి. ఇంగ్లీషుకు సరిపోయే ఖాళీ మన గుడులకూ ఒత్తులకూ చాలదు.

రంగుల దగ్గర కంటిని నమ్మకండి, మీది కుర్ర కన్ను. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా) అడుగుతుంది. తెలుపు మీద #777777 బూడిద రంగు 4.48 దగ్గరే ఆగి ఫెయిలవుతుంది, #767676 పాసవుతుంది. మీకు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇంకొకటి. ట్యాబ్ కీ నొక్కినప్పుడు లింకు చుట్టూ వచ్చే గీత బాగాలేదని క్లయింట్ తీసేయమంటాడు. మౌస్ పట్టలేనివాళ్లు ఎక్కడున్నారో చెప్పేది అదే. తీయకండి, వాళ్ల బ్రాండ్ రంగుల్లో బాగా కనబడేది ఎంచి మందంగా గీయండి. చాలామంది ఒప్పుకుంటారు.

మీ పెదనాన్న