మీటరు ముఖం మార్చాక ముల్లు మాట నమ్మొచ్చా?

కారు మీటర్ల డయల్ మార్చడం చూడ్డానికి చాలా చిన్న పని. స్టీరింగ్ వెనకున్న మీటర్ బోర్డు ఊడదీయాలి, ముందున్న ప్లాస్టిక్ అద్దం తీయాలి, ముళ్ళు పీకాలి, పాత నల్ల డయల్ తీసేసి తెల్లదో, కార్బన్ ఫైబర్ డిజైనుదో, రాత్రి నీలంగా వెలిగేదో పెట్టాలి, ముళ్ళు మళ్ళీ నొక్కాలి. మన విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో అడిగి చూడండి, "ఏటీ అవదు సార్, రెండు స్పూన్లు చాలు" అంటారు. స్పూన్ల మాట నిజమే. డయల్ మీద గీత పడకుండా పల్చని అట్టముక్క పరిచి, ముల్లు బొడిపె కింద చెరో వైపు ఒక స్పూను దూర్చి, రెండూ ఒకేసారి లేపితే ముల్లు నిటారుగా పైకొచ్చేస్తుంది. ఒక పక్కే లేపితే లోపలి సన్నటి ఇరుసు వంగిపోతుంది. పీకడం వరకూ అంతే, పెద్ద విద్యేమీ లేదు. మళ్ళీ పెట్టేటప్పుడే తెలుస్తుంది మనం ముట్టుకున్నది అలంకారాన్ని కాదని, కొలత పరికరంలో సగభాగాన్నని.

ఎందుకంటే డయల్‌కి వేగం తెలీదు. అది అంకెలు అచ్చేసిన ఒక పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ షీటు. ముల్లుకీ వేగం తెలీదు, అది కొంత కోణం తిరుగుతుంది అంతే. ఫలానా కోణానికి ఫలానా అంకె అని ఫ్యాక్టరీలో ఆ రెంటికీ కుదిర్చిన ఒప్పందమే మనం చూసే 80. ముల్లు పీకిన క్షణంలో ఆ ఒప్పందం రద్దయిపోతుంది, మళ్ళీ నొక్కేటప్పుడు దాన్ని మనమే రాసుకోవాలి. ఎలా రాయాలన్నది ముల్లు కింద ఏ యంత్రం ఉందో దాన్ని బట్టి ఉంటుంది.

పాత అంబాసిడర్, పద్మిని, మొదటి తరం మారుతీ 800 లాంటివాటిలో గేరుబాక్సు నుంచి ఒక స్పీడో కేబుల్ వస్తుంది. దాని కొసన ఒక అయస్కాంతం గిర్రున తిరుగుతుంటుంది. అయస్కాంతాన్ని కప్పుతూ, దాన్ని ఎక్కడా తాకకుండా, ఒక అల్యూమినియం గిన్నె, ఆ గిన్నె ఇరుసు మీదే మన ముల్లు. అల్యూమినియం అయస్కాంతానికి అతుక్కోదు కదా, మరి ముల్లు ఎందుకు కదులుతుంది? 1824లో ఫ్రాన్సులో అరాగో అనే శాస్త్రవేత్తకి తగిలిన చిక్కు కూడా ఇలాంటిదే, రాగి పళ్ళెం తిప్పితే పైన వేలాడే అయస్కాంత సూది దాంతోపాటు తిరగబోయింది, కారణం తోచలేదు. 1831లో ఫారడే విడమరిచాడు: కదిలే అయస్కాంత క్షేత్రం లోహంలో విద్యుత్తు పుట్టిస్తుంది, ఆ విద్యుత్తు సుడులు తిరుగుతూ తన సొంత అయస్కాంత క్షేత్రంతో ఆ కదలికకి అడ్డుపడుతుంది. వీటినే ఎడ్డీ కరెంట్లు అంటారు. 1902లో జర్మనీలో ఒట్టో షుల్జె దీన్ని స్పీడోమీటరుగా పేటెంట్ చేయించుకున్నాడు. అయస్కాంతం ఎంత వేగంగా తిరిగితే గిన్నెని అంత బలంగా లాక్కుపోవాలని చూస్తుంది, ఒక సన్నని చుట్టల స్ప్రింగు గిన్నెని వెనక్కి లాగుతుంది, రెండు బలాలూ సరితూగిన చోట ముల్లు ఆగుతుంది. లాగుడు వేగంతోపాటు పెరుగుతుంది, స్ప్రింగు ఎదురుబలం కోణంతోపాటు పెరుగుతుంది, అందుకే అలాంటి డయల్ మీద అంకెల మధ్య దూరం దాదాపు సమానంగా ఉంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటుంది. వేడెక్కితే అల్యూమినియం విద్యుత్ నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది, దాంతో ఎడ్డీ కరెంట్లు తగ్గి గిన్నె మీద లాగుడు తగ్గుతుంది. అంటే జనవరి తెల్లవారుజామున అరకులో ఉన్న కారుకీ మే నెల మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో ఎండన నిలబెట్టిన కారుకీ మధ్య 30, 40 డిగ్రీల తేడా ఉంటే, అదే వేగానికి ఎండలోని కారులో ముల్లు పదిశాతం పైనే తక్కువ చూపించాలి. చూపించదు, ఎందుకంటే అయస్కాంతం పక్కన ఒక నికెల్-ఇనుము మిశ్రమం ముక్క పెడతారు. చల్లగా ఉన్నప్పుడు అది అయస్కాంత క్షేత్రంలో కొంత భాగాన్ని పక్కదారి పట్టిస్తుంది, వేడెక్కేకొద్దీ ఆ పని తగ్గించేస్తుంది, దాంతో ఎక్కువ క్షేత్రం గిన్నెకి చేరి, పెరిగిన నిరోధం వల్ల పోయింది భర్తీ అవుతుంది. కంప్యూటర్ లేని రోజుల్లో ఇంత తెలివి.

ఈ రకంలో ముల్లు పెట్టడానికి ఒక కిటుకు తప్పకుండా తెలియాలి. సున్నా దగ్గర ఒక చిన్న పిన్ను ఉంటుంది, కారు ఆగినప్పుడు ముల్లు దాన్ని ఆనుకుని ఉంటుంది. అయితే స్ప్రింగు నిజంగా విశ్రాంతి తీసుకునే చోటు సాధారణంగా ఆ పిన్ను కంటే కిందే ఉంటుంది. పీకేముందు ముల్లుని కాస్త ఎత్తి పిన్ను దాటించి వదిలితే కిందికి జారి ఒకచోట ఆగుతుంది. అదీ అసలు సున్నా. ఆ చోటుని గుర్తుపెట్టి, ఫోటో తీసి, కొత్త డయల్ వేశాక ముల్లుని సరిగ్గా అక్కడే నొక్కి, తర్వాత ఎత్తి పిన్ను పైకి తేవాలి. నేరుగా పిన్ను దగ్గర నొక్కేస్తే ఆ స్ప్రింగు బిగువంతా పోయి అన్ని వేగాల దగ్గరా మీటరు ఎక్కువ చూపిస్తుంది. ఇంకో మాట, పాత స్మిత్స్ కంపెనీ మీటర్ల డయల్ అడుగున సన్నగా 1000, 1280 లాంటి అంకె ఉంటుంది. మైలుకి కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో అది చెబుతుంది. జపాన్ పద్ధతి మీటర్లయితే కిలోమీటరుకి 637 చుట్లు. అందంగా ఉందని వేరే మీటరు డయల్ తెచ్చి బిగిస్తే ఆ లెక్క తప్పుతుంది, పైగా తప్పిందని చెప్పే అంకె కూడా పాత డయల్‌తోపాటే పోతుంది.

తర్వాత వచ్చిన ఎయిర్ కోర్ మీటర్లలో ఒకదానికొకటి అడ్డంగా చుట్టిన రెండు తీగచుట్టలు, మధ్యలో చిన్న అయస్కాంతం ఉంటాయి. రెండింట్లోకి పంపే కరెంటు నిష్పత్తిని బట్టి అయస్కాంతం ఏ దిక్కుకైనా తిరుగుతుంది. వణక్కుండా చిక్కటి సిలికోన్ నూనె పోస్తారు. వీటిలో కొన్నిటికి వెనక్కి లాగే స్ప్రింగే ఉండదు, తాళం తీసేస్తే (ఇగ్నిషన్ ఆపితే) ముల్లు ఉన్నచోటే ఉండిపోతుంది, కాబట్టి ఆపిన కారులో ముల్లు ఎక్కడుందో చూసి గుర్తు పెట్టుకోవడం దండగ. తాళం వేసి (ఇగ్నిషన్ ఆన్ చేసి), కారు కదలకుండా ఉన్నప్పుడు ఎక్కడ నిలుస్తుందో అదే గుర్తు.

ఇప్పటి ముళ్ళ మీటర్లలో ఎక్కువగా ఉండేవి బొటనవేలంత స్టెప్పర్ మోటార్లు, అంటే అడుగులడుగులుగా తిరిగేవి. స్విటెక్ ఎక్స్27 అన్నది బాగా వాడే రకం, మొత్తం 315 డిగ్రీలు తిరగగలదు, ఒక్కో అడుగుకి డిగ్రీలో మూడో వంతు. దీనికి తన ముల్లు ఎక్కడుందో తెలుసుకునే సెన్సారు లేదు, చీకట్లో గోడ తడుముకుంటూ వచ్చి అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకునే మనిషి లాంటిది. తాళం వేయగానే వెనక్కి వెళ్ళి లోపలి అడ్డుకి తగులుతుంది, అదే సున్నా అనుకుంటుంది, అక్కణ్ణుంచి లెక్క. కాబట్టి ఒకసారి తాళం వేసి తీసి, మోటారు సున్నాకి వెళ్ళిందని ఖాయం చేసుకున్నాకే ముల్లు నొక్కాలి. మీరు 3 డిగ్రీలు పక్కకి నొక్కితే ప్రతి వేగం దగ్గరా 3 డిగ్రీలు పక్కకే, పాపం దానికేం తెలుసు. 0 నుంచి 220 వరకు అంకెలు 240 డిగ్రీల్లో పరుచుకున్నాయనుకుంటే ఆ 3 డిగ్రీలు గంటకి సుమారు 2.75 కిలోమీటర్లు. ముల్లుని చేత్తో గట్టిగా తిప్పడం మాత్రం వద్దు, లోపలివి ప్లాస్టిక్ గేర్లు. కొన్ని కార్లలో ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజన్ స్టార్టవకుండా ఆపేది) కూడా మీటర్ బోర్డులోనే ఉంటుంది, పైగా బోర్డు ఊడదీసి ఉండగా తాళం వేస్తే తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరకుండా ఉండిపోవచ్చు. బ్యాటరీ తీసి బోర్డు విప్పడం, బోర్డు తగిలించాకే తాళం వేయడం మంచిది.

స్పీడు గురించే అందరూ మాట్లాడతారు గానీ నాకు పెట్రోలు ముల్లే ఎక్కువ టెన్షన్. దాని తిరుగుడు మొత్తం ఇంచుమించు 90 డిగ్రీలే. ట్యాంకు 45 లీటర్లయితే డిగ్రీకి అర లీటరు. 5 డిగ్రీలు తప్పు పెడితే రెండున్నర లీటర్లు, లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే కారులో 37 కిలోమీటర్లు. మీటరు ఇంకా ఉందంటుంటే నమ్మి బయల్దేరితే భీమిలి బీచ్ రోడ్డు మీద ఎక్కడో ఆగిపోవడానికి అది చాలు. ఇంజన్ వేడి చూపించే ముల్లు కథ మరీ విచిత్రం. చాలా కొత్త కార్లలో ఇంజన్ మామూలు వేడి పరిధిలో ఎక్కడున్నా ముల్లుని కంప్యూటరు కావాలనే సరిగ్గా మధ్యలో కదలకుండా ఉంచుతుంది, వేడిలో ప్రతి చిన్న మార్పుకీ ఊగే ముల్లు చూసి జనం సర్వీసు సెంటరుకి పరిగెత్తకుండా. అలాంటి కారుకి 50, 90, 130 అని డిగ్రీలు అచ్చేసిన ఫ్యాన్సీ డయల్ తగిలిస్తే ఆ అంకెలకి అర్థమే లేదు. కంపెనీ వాళ్ళు సి, హెచ్ అని రెండక్షరాలతో సరిపెట్టింది బద్ధకంతో కాదు.

ఇక రాత్రి వెలుగు. మామూలు డయల్ మీద నల్ల సిరా కాంతిని ఆపుతుంది, అంకెల దగ్గర మాత్రం కాంతి దూరే సిరా ఉంటుంది, వెనక బల్బో ఎల్ఈడీయో. తెల్ల డయల్స్‌కి ఒకప్పుడు ఎలక్ట్రోల్యుమినిసెంట్ షీట్లు వాడేవాళ్ళు, షీటే మొత్తం వెలుగుతుంది. జింక్ సల్ఫైడ్ పొడి మీద ఏసీ కరెంటు పెడితే వెలుగుతుందని 1936లో ఫ్రెంచి శాస్త్రవేత్త డెస్ట్రియో కనిపెట్టాడు, 1960లో క్రైస్లర్ కార్ల డ్యాష్‌బోర్డుల్లోకి అది వచ్చింది. వాటికి పెద్ద శత్రువు తేమ, చెమ్మ తగిలితే ఆ పొడి మసకబారుతుంది. మన ఊరి సముద్రపు గాలికి అవి ఎంతకాలం నిలుస్తాయో ఊహించుకోవచ్చు. వినైల్ స్టిక్కరు డయల్స్‌కి కూడా ఇక్కడ బతుకు కష్టమే, అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారులో డ్యాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటేస్తుంది, జిగురు వదులై అంచు లేస్తుంది, లేచిన అంచు ముల్లుకి రాసుకుంటుంది. పాలీకార్బొనేట్ మీద థిన్నర్ రాసి తుడవడం కూడా వద్దు, సన్న పగుళ్ళు వచ్చేస్తాయి.

రంగు సంగతికొస్తే నీలం వద్దనే నా అభిప్రాయం. చీకటికి అలవాటు పడిన కంట్లో పనిచేసే రాడ్ కణాలు 507 నానోమీటర్ల దగ్గరి నీలాకుపచ్చకి బాగా స్పందిస్తాయి, ఎరుపు వాటికి దాదాపు కనబడదు. అందుకే ఎర్రటి డయల్ చూసి మళ్ళీ రోడ్డు వైపు చూస్తే చీకటి చూపు అంతగా చెడదు. పైగా కంటి కటకం నీలాన్ని రెటీనా కంటే కాస్త ముందే ఫోకస్ చేస్తుంది, కాబట్టి నీలం అంకెల అంచులు మసగ్గా, చెదిరినట్టు కనబడతాయి. బీఎండబ్ల్యూ ఎన్నో ఏళ్ళు నారింజ వెలుగు వాడింది, ఫోక్స్‌వ్యాగన్ ఒక కాలంలో నీలం డయల్ మీద ఎర్ర ముల్లు పెట్టి మురిసింది. లైట్లున్న బీచ్ రోడ్డులో ఏదైనా ఒకటే, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది.

చివరగా సరిచూసుకోవడం. దీనికి డయల్ మార్చకముందే ఒక పని చేయాలి. అనకాపల్లి–ఆనందపురం ఆరు వరుసల రోడ్డు లాంటి చోట, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, ఒకే వేగంతో పోతూ 40, 60, 80, 100 దగ్గర ఫోన్ జీపీఎస్ ఎంత చూపిస్తోందో వాళ్ళచేత రాయించాలి. అయితే మీటరులో అంకె డ్రైవరే చదివి చెప్పాలి. డయల్‌కీ ముల్లుకీ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి పక్క సీటు నుంచి చూస్తే ముల్లు వేరే అంకె మీద ఉన్నట్టు కనబడుతుంది. జీపీఎస్ వేగాన్ని ఉపగ్రహ సంకేతాల డాప్లర్ మార్పు (కదలిక వల్ల సంకేతం ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడా) నుంచి లెక్కగడుతుంది, నిలకడైన వేగం దగ్గర అది చాలా కచ్చితం. మీ మీటరు జీపీఎస్ కంటే ఎక్కువే చూపిస్తుంది, కంగారు పడకండి, కావాలనే అలా చేస్తారు. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటరు నిజం వేగం కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువ మాత్రం పదిశాతం మీద ఇంకో 4 కిలోమీటర్ల వరకు చూపించొచ్చు, అంటే నిజంగా 80లో పోతుంటే 92 వరకూ. కొత్త డయల్ వేశాక ముల్లుని జరిపి జీపీఎస్‌తో సమానం చేసేద్దామనుకునేవాళ్ళు ఆ జాగ్రత్తని చెరిపేస్తున్నారు. టైర్లు పెద్దవి వేసిన రోజున మీటరు తక్కువ చూపించడం మొదలెడుతుంది.

మార్చాక అవే వేగాల దగ్గర మళ్ళీ రాసి పాత లెక్కతో పోల్చండి. అన్ని వేగాల దగ్గరా తేడా ఒకేలా ఉంటే ముల్లు పక్కకి పెట్టారు, పీకి సరిచేస్తే పోతుంది. వేగంతోపాటు తేడా పెరుగుతూ పోతుంటే డయల్ అచ్చులోనే అంకెల కోణాలు మీ మీటరువి కావు, ముల్లుని ఎక్కడ పెట్టినా లాభం లేదు, ఆ డయల్ తిరిగిచ్చేయండి. ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ చూపిస్తుంటే డయల్ మధ్య రంధ్రం ఇరుసుకి సరిగ్గా నడిమధ్యన లేదు. 35 మిల్లీమీటర్ల వ్యాసార్ధం మీద అర మిల్లీమీటరు జరిగినా 0.8 డిగ్రీ తప్పు వస్తుంది. అప్పుడు ముల్లుని కాసేపు వదిలేసి, డయల్ వెనకున్న చిన్న గూటాలు వాటి కంతల్లో పూర్తిగా కూర్చున్నాయో లేదో చూడాలి.