వైన్‌లో మిరియాల ఘాటు ఎక్కడిది?

చేలో తుంగ పీకిన వాళ్లకి దాని మొండితనం తెలుసు. పట్టి లాగితే కాడ చేతికొస్తుంది, గడ్డ మట్టిలోనే ఉండిపోతుంది. నాలుగు రోజులు పోతే మళ్లీ మొలుస్తుంది. ఆ నల్లటి గడ్డలనే ఎండబెట్టి తుంగముస్తలని పచారీ కొట్లో అమ్ముతారు. సున్నిపిండిలోకి బావంచాలు, కచ్చూరాలతో పాటు ఇవీ వేసి మర పట్టించేది మా అమ్మ. డబ్బా మూత తీస్తే వచ్చే ఆ వాసన ఇప్పటికీ గుర్తే.

1967లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో సుఖ్‌దేవ్, ఆయన సహచరులు ఈ గడ్డల నుంచి తీసిన నూనెలో ఏమేమున్నాయో విడదీసి చూశారు. దొరికిన పదార్థాల్లో ఒకటి రోటండోన్. తుంగ శాస్త్రీయ నామం సైపరస్ రోటండస్ కాబట్టి ఆ పేరు. తర్వాత నలభై ఏళ్ల పాటు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ అది బయటపడింది ఆస్ట్రేలియాలో, ఒక వైన్ రహస్యం వెతుకుతుండగా.

షిరాజ్ అనే నల్లద్రాక్షతో చేసే ఎర్ర వైన్‌లో కొన్నిసార్లు అప్పుడే దంచిన మిరియాల వాసన వస్తుంది. అందులో మిరియాలు వేయరు. మరి ఆ వాసన ఎక్కడిది? అడిలైడ్‌లోని ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏళ్ల తరబడి ఈ ప్రశ్న వెంట పడ్డారు. మొదట ఆల్ఫా-ఇలాంజీన్ అనే పదార్థం మీద అనుమానం వచ్చింది. ఘాటైన ద్రాక్షలో అది ఎక్కువ, ఘాటు లేని దాంట్లో తక్కువ. తీరా చూస్తే ఆ వాసన దానిది కాదు. అసలు దొంగతో కలిసి తిరిగే తోడు మాత్రమే. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని విజ్ఞానశాస్త్రంలో తరచూ చెబుతారు. ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు.

చివరికి దారి చూపింది ముక్కే. పదుల మీటర్ల పొడవున్న సన్నటి గొట్టంలోంచి ద్రాక్ష సారాన్ని ఆవిరిగా పంపిస్తారు. అందులోని పదార్థాలు ఒక్కొక్కటీ ఒక్కో సమయానికి అవతలి కొసకు చేరతాయి. అక్కడ కొంత భాగం యంత్రంలోకి, కొంత భాగం ఒక మనిషి ముక్కు దగ్గరికి వెళ్తుంది. ఆ మనిషి గంటకు పైగా కదలకుండా కూర్చుని, ‘ఇప్పుడు పువ్వు’, ‘ఇప్పుడు పచ్చిగడ్డి’ అని గుర్తు పెడుతూ ఉంటారు. వందల పదార్థాల మధ్య ఒక్క క్షణం మిరియం తగులుతుంది. అంత తక్కువ మోతాదును యంత్రం గీసే గీతలో వేరు చేసి పట్టుకోవడం చాలా కష్టం. ముక్కు మాత్రం పట్టేసింది. ఆ క్షణంలో వచ్చిన పదార్థం రోటండోన్ అని 2008లో ప్రకటించారు.

తర్వాత అదే పదార్థాన్ని అసలు మిరియాల్లో కొలిచారు. బాగా ఘాటున్న వైన్‌లో ఉన్న దానికంటే సుమారు పది వేల రెట్లు ఎక్కువ ఉంది. నన్ను బాగా ఆశ్చర్యపరిచిన సంగతి ఇదే. మిరియాల కారానికి కారణమైన పైపరిన్ 1819 నుంచే తెలుసు. కానీ కారం నాలుకకు తగిలేది, వాసన ముక్కుకు తగిలేది. విడిగా వాసన చూస్తే ‘ఇది మిరియమే’ అనిపించే పదార్థం 2008 దాకా మిరియాల్లో ఎవరికీ దొరకలేదు. వేల ఏళ్లుగా చారులో వేసుకుంటున్న దినుసు వాసన గుట్టు ద్రాక్షలో వెతికితే తెలిసింది!

లీటరు ఎర్ర వైన్‌లో 16 నానోగ్రాములుంటే చాలు, ముక్కు దీన్ని పసిగడుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండున్నర వేలు వరసగా నిలబెట్టి, వాటన్నిటిలో వైన్ నింపి ఒక్క గ్రాము రోటండోన్ కలిపినా ఆ ఘాటు తెలుస్తుందన్నమాట. నీళ్లలోనైతే అందులో సగమే చాలు.

కానీ అందరికీ కాదు. వాసన చూసిన వాళ్లలో సుమారు 20 శాతం మందికి లీటరుకు 4000 నానోగ్రాములు కలిపినా, అదీ ఉత్త నీళ్లలో కలిపినా, ఏమీ తెలియలేదు. పక్కపక్కన కూర్చుని ఒకే సీసాలోంచి తాగుతున్న ఇద్దరిలో ఒకరికి మిరియాలు, ఇంకొకరికి ఉత్త పళ్ల వాసన. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ‘నీకు రుచి తెలియదు’ అని ఇంట్లో ఒకరినొకరు అనుకునేటప్పుడు నాకు ఈ 20 శాతం గుర్తొస్తుంది.

రోటండోన్ ద్రాక్షపండు తొక్కలో ఉంటుంది. కాయ రంగు తిరిగాక అక్కడ పేరుకుంటుంది. దానికి చల్లదనం కావాలి. విక్టోరియా రాష్ట్రంలో మిరియాల ఘాటుకు పేరున్న మౌంట్ లాంగి గిరాన్ తోటలో కొలిచి చూస్తే, ఒకే మడిలో కూడా ఎండ తక్కువ పడే దక్షిణపు వాలులో ఎక్కువ ఉంది. అంతెందుకు, ఒకే గుత్తిలో నీడ పట్టున ఉన్న పళ్లలో ఎక్కువ. పండు వేడి 25 డిగ్రీలు దాటిన గంటలు పెరిగేకొద్దీ ఘాటు తగ్గింది. అందుకే గుత్తుల చుట్టూ ఆకు దూసేయాలా, ఉంచాలా అన్నది ఆ రైతులకు చిన్న నిర్ణయం కాదు.

తోటలో కాపాడినదంతా సీసాలోకి రాదు కూడా. ఎర్ర వైన్‌ను తొక్కలతో సహా పులియబెడతారు. రోటండోన్ నీటిలో సులువుగా కరగదు, తొక్కను పట్టుకుని ఉంటుంది. ఇటలీలో వెస్పొలీనా అనే ద్రాక్షతో చేసిన పరిశోధనలో పండులో ఉన్నదాంట్లో పదో వంతే పులిసేటప్పుడు రసంలోకి దిగింది, సీసా దాకా చేరింది 6 శాతమే. మిగిలినదాంట్లో చాలా భాగం పిండి పక్కన పడేసే పిప్పితోనే వెళ్లిపోతుంది.